బండ ఇంకా కదల్లేదట

చెన్నై,
ఆదివారం రాత్రి

ఒరేయ్,

నీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మీ ఊళ్ళో పెట్టబోయే విగ్రహం ఎవరిదో తేలకముందే బంగారు రంగు వెయ్యాలని మాత్రం మీ కమిటీ తీర్మానించేసిందా! చెన్నైలో ఉన్నాను కదా అని మంచి శిల్పి ఎవరైనా ఉంటే చెప్పమన్నావు. నాకు తెలిసిన శిల్పి ఒక్కడే, ఆయన 1975లోనే పోయాడు. అయినా చెప్తా విను.

పొద్దున నాన్నని మెరీనాకి తీసుకెళ్ళాను. కొత్తవాల్ చావడిలో బస్తాలు మోసిన మనిషి కదా, 1996లో మార్కెట్ కోయంబేడుకి మారాక అక్కడా కొన్నాళ్ళు మోశాడు. ఇప్పుడు మోకాళ్ళు మాట వినడం లేదు. బీచ్ రోడ్డు మీద నలుగురు మనుషులు పెద్ద బండని కదిలిస్తున్న కంచు విగ్రహం ఉంటుంది. 1959లో పెట్టారు. ఇంగ్లీషులో ‘ట్రయంఫ్ ఆఫ్ లేబర్’, జనం నోట ‘ఉళైప్పాళర్ శిలై’, అంటే తమిళంలో కార్మికుల విగ్రహం. మన దేశంలో తొలి మేడే 1923లో కార్మిక నాయకుడు సింగారవేలర్ జరిపింది ఈ ఊళ్ళోనే కాబట్టి, మే ఒకటిన జెండాలు, దండలు అన్నీ ఇక్కడికొస్తాయి. నేను మాత్రం ఇన్నేళ్ళూ దాన్ని ఒక బస్‌స్టాపు గుర్తుగానే చూశాను.

నాన్న అక్కడే ఆగిపోయాడు. మొహాలు చూడలేదు, వెనక్కెళ్ళి వీపులు చూశాడు. శ్రమ విజయం అని దాని పేరు చెప్పాను.

“ఏం విజయంరా? బండ ఇంకా కదల్లేదు. కదిలితే నడుము దగ్గర బిగువు సడలుతుంది. వీళ్ళకింకా సడల్లేదు” అన్నాడు.

చేసినాయన దేవీప్రసాద్ రాయ్ చౌదరి, బెంగాలీ. అవనీంద్రనాథ్ టాగూర్ దగ్గర చిత్రకళ నేర్చుకుని, 1929లో మద్రాసు ఆర్ట్స్ స్కూలు బాధ్యత తీసుకున్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు. మన చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారు ఆయన శిష్యుడే. వేట, వేణువు, కుస్తీ, అన్నిట్లోనూ చెయ్యి పెట్టాడు. నాకు మాత్రం ఆ కుస్తీ దగ్గరే గుట్టు దొరికినట్టనిపించింది. ఎదుటివాడు కదలనప్పుడు వెన్ను ఎలా ఉంటుందో పట్టు పట్టినవాడికే తెలుస్తుంది. పైగా మోడల్ కోసం ఎక్కడికీ పోలేదు, స్కూలు వాచ్‌మన్‌నే నిలబెట్టాడు. గేటు దగ్గర కూర్చునే మనిషి ఇప్పుడు సముద్రం ఒడ్డున కంచులో ఉన్నాడు!

అదే ఏడు మెరీనాలోనే ఆయన చేసిన గాంధీ విగ్రహమూ పెట్టారు. పట్నాలో 1942 క్విట్ ఇండియా కాల్పుల్లో పోయిన ఏడుగురు విద్యార్థుల స్మారకం కూడా ఆయనదే. ఢిల్లీలో గాంధీ వెనక జనం నడిచే ఆ పదకొండు మూర్తులైతే నీ జేబులోనే తిరిగాయి, పాత 500 నోటు వెనక.

నీ సంగతి నాన్నకి చెప్పాను. రంగు ఏదైనా వేసుకోమన్నాడు. డబ్బిచ్చే ముందు మట్టి నమూనా వెనక్కెళ్ళి, మడమలు నేలకి ఆనాయో లేదో చూడమన్నాడు. నీకు చూడ్డం రాకపోతే మీ ఊరి రైసుమిల్లు హమాలీని ఒకర్ని వెంటబెట్టుకెళ్ళమన్నాడు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
చిన్నోడు