గేట్లు ఎప్పుడు తెరుస్తారో సెప్టెంబరులోనే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు వస్తే మా అత్తగారు పేపర్లో ముందు వెతికేది చెన్నై పక్కనున్న చెంబరంబాక్కం చెరువు నీటిమట్టం. 2015 డిసెంబరులో అడయారు నది నీళ్లు జాఫర్‌ఖాన్‌పేటలోని మా ఇంట్లో బీరువా రెండో అర దాకా వచ్చాయి. అప్పట్నుంచీ 22 అడుగులని చదివితే చాలు, ఆవిడకు టెన్షన్. బియ్యం డబ్బా అటకెక్కేస్తుంది.

ఆనాడు ఒక్క రోజులో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది. చెరువు నుంచి 29 వేల క్యూసెక్కులు వదిలారు. అది మనుషులు తెచ్చిపెట్టిన విపత్తేనని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తర్వాత తప్పుపట్టింది. తప్పంతా గేట్లదే అని నేననను. దారి పొడవునా ఎన్నో చెరువుల నీళ్లు అడయారులో కలిశాయి.

కానీ ఈ లెక్క చూడండి. చెంబరంబాక్కం నిండితే 24 అడుగులు, 3.645 టీఎంసీలు. పైన ఒక్క అడుగంటే పావు టీఎంసీ పైమాటే. వెయ్యి క్యూసెక్కుల చొప్పున వదిలితే ఆ అడుగు దిగడానికి మూడు రోజులు పడుతుంది, అదీ పైనుంచి చుక్క రాకపోతే. వాయుగుండం మనవైపే వస్తోందని గట్టిగా తెలిసేసరికి మనకు మిగిలేది రెండు మూడు రోజులు. ఇక ఖాళీ చేసేదెప్పుడు?

ఏ తేదీకి ఎన్ని అడుగులు మించనివ్వరో సెప్టెంబరులోనే పట్టిక వేసి పేపర్లలో ప్రకటించాలి. నవంబరంతా రెండడుగులు ఖాళీ ఉంచి, డిసెంబరు సగం దాటాక నింపుకోవచ్చు. 2020లో నివర్ తుపానప్పుడు 22 అడుగులకే, వెయ్యి క్యూసెక్కులతో మొదలుపెట్టి గేట్లు తెరిచారు. చేయగలరన్నమాట.

అధికారుల భయమూ తెలుసు. 2019 వేసవిలో ఇదే చెరువు నెర్రెలిచ్చింది, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తెచ్చుకున్నాం. నవంబరులో వదిలాక వానలు మొహం చాటేస్తే 'నీళ్లు సముద్రం పాలు చేశారు' అని తిట్టేది మనమే. ఆ వేసవిలో బిందెలతో లారీ కోసం నిలబడ్డదాన్ని, నేనూ తిడతాను. పట్టికంటూ ఉంటే ఆ తిట్లు పట్టికకు తగులుతాయి, గేటు దగ్గర నిలబడ్డ ఇంజినీరుకు కాదు.

వదిలినదాన్ని ఆంధ్ర నుంచి వచ్చే కృష్ణా నీటితో పూడ్చుకోవచ్చు. తెలుగుగంగ ఒప్పందం ప్రకారం మనకు రావాల్సిన 12 టీఎంసీల్లో 8 జూలై, అక్టోబరు మధ్య, 4 జనవరి, ఏప్రిల్ మధ్య రావాలి. నవంబరు, డిసెంబరు ఖాళీ. మనకు వానలు ఆ నెలల్లోనేనని ఒప్పందం రాసిన పెద్దలకు తెలియకనా! ఏటా అంతా రాదు, నిజమే. మనకు కావలసింది అర టీఎంసీ చిల్లర. పూండి జలాశయం నుంచి చెంబరంబాక్కానికి కాలువ ఎలాగూ ఉంది.

ఇంకో మాట. 'ఇన్ని వేల క్యూసెక్కులు వదులుతున్నాం, తీరవాసులు జాగ్రత్త' అంటే మా అత్తగారికి ఏం అర్థమవుతుంది? ఎన్ని వేలకు ఏ వీధిలో ఎంత లోతు నీళ్లొస్తాయో వంతెనల దగ్గర తమిళంలో, వీలైతే తెలుగులోనూ రాయించండి. బియ్యం డబ్బా సంగతి ఆవిడ చూసుకుంటుంది.

— ఒక పాఠకురాలు, జాఫర్‌ఖాన్‌పేట, చెన్నై