ఢిల్లీ చూడమన్నప్పుడు ఏ వారమో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

సెలవులు దగ్గరపడగానే పత్రికల అనుబంధాల్లో ‘ఢిల్లీలో తప్పక చూడాల్సినవి’ అని జాబితాలు వస్తుంటాయి. ఎర్రకోట, కుతుబ్ మీనార్, లోటస్ టెంపుల్, అక్షరధామ్, ఇండియా గేట్... పేర్లలో తప్పు లేదు, ఫొటోలూ బాగుంటాయి. కానీ ఏది ఏ వారం మూసి ఉంటుందో, ఏది పొద్దున చూడాలో, ఏది సాయంత్రానికి అట్టే పెట్టుకోవాలో, దేనికి ఏ మెట్రో స్టేషన్‌లో దిగాలో వాటిలో ఉండదు. ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో కూర్చుని, పిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని వచ్చే కుటుంబానికి ముందు తెలియాల్సింది అదే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, దయచేసి ప్రచురించండి.

మొదటిది సోమవారం. ఆ రోజు ఎర్రకోట మూత. లోటస్ టెంపుల్, అక్షరధామ్, జాతీయ మ్యూజియం, తీన్‌మూర్తి ప్రాంగణంలోని ప్రధానమంత్రుల సంగ్రహాలయం, గాంధీజీ నేలకొరిగిన గాంధీ స్మృతి, చాణక్యపురిలోని రైల్ మ్యూజియం అన్నీ మూతే. ఆదివారం రాత్రి దిగి, సోమవారం ఊరు తిరిగి, మంగళవారం ఆగ్రా వెళ్లే ప్యాకేజీలు కొనుక్కున్నవాళ్లు ఎర్రకోటను రోడ్డవతల నుంచి చూసి ఫొటో దిగి బస్సెక్కుతున్నారు. టూర్ వాళ్లు ఇచ్చే కాగితంలో ‘ఎర్రకోట సందర్శన’ అనే రాసి ఉంటుంది. బయటి నుంచి చూడటమూ సందర్శనే అని వాళ్ల లెక్క. డబ్బు కట్టేముందే ‘లోపలికి టికెట్ కలిపి ఉందా, ఏ వారం తీసుకెళ్తారు’ అని అడిగి, సమాధానం కాగితం మీద రాయించుకోవాలి.

తాజ్‌మహల్‌కు సెలవు శుక్రవారం. ఈ రెండు సెలవుల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే దారి తేలిపోతుంది: సోమవారం ఆగ్రాకు, శుక్రవారం ఢిల్లీకి. హజ్రత్ నిజాముద్దీన్ స్టేషన్ నుంచి పొద్దున బయలుదేరే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా కంటోన్మెంట్‌లో దింపి, సాయంత్రం వెనక్కి తీసుకొస్తుంది. తాజ్ మూసి ఉండే శుక్రవారం ఆ రైలూ నడవదు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లకు ఆగ్రా దారిలోనే తగులుతుంది కాబట్టి, ముందు అక్కడ దిగి తాజ్ చూసుకుని తర్వాత ఢిల్లీ చేరినా ఒక రాకపోక ఖర్చు మిగులుతుంది. సోమవారం ఢిల్లీలో ఉండక తప్పకపోతే కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి, పురానా ఖిలా, జంతర్ మంతర్, బంగ్లా సాహిబ్ గురుద్వారా, జాతీయ యుద్ధ స్మారకం ఉన్నాయి. ఆ ఒక్క రోజుకు అవి చాలు.

రెండోది మెట్రో. ఢిల్లీలో కారు మాట్లాడుకుంటే రోజులో సగం సిగ్నళ్ల దగ్గర, పార్కింగ్ దగ్గర పోతుంది. మెట్రోలో వయొలెట్ లైన్ అని ఒకటుంది. చూడదగ్గ చోట్లలో సగం దాని మీదే ఉన్నాయి. లాల్ ఖిలా స్టేషన్‌లో దిగితే ఎర్రకోట, తర్వాతి స్టేషన్ జామా మసీదు, ఆ తర్వాత ఢిల్లీ గేట్‌లో దిగితే రాజ్‌ఘాట్ దగ్గర. జనపథ్‌లో దిగితే జంతర్ మంతర్, కన్నాట్ ప్లేస్. సెంట్రల్ సెక్రటేరియట్‌లో దిగితే కర్తవ్య పథ్. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం స్టేషన్ నుంచి హుమాయూన్ సమాధికి చిన్న ఆటో ప్రయాణం. కాల్కాజీ మందిర్‌లో దిగితే లోటస్ టెంపుల్ నడిచివెళ్లే దూరం. కుతుబ్ మీనార్‌కు మాత్రం సెంట్రల్ సెక్రటేరియట్‌లో ఎల్లో లైన్‌కు మారాలి. స్టేషన్ పేరు కుతుబ్ మీనారే అయినా కట్టడం పక్కనే ఉండదు. అక్కడి నుంచి ఆటో ఎక్కాల్సిందే, మే నెలలో పెద్దవాళ్లను నడిపించకండి.

2025 ఆగస్టులో పెంచిన తర్వాత మెట్రో టికెట్ కనీసం 11 రూపాయలు, ఎంత దూరమైనా 64 దాటదు (విమానాశ్రయం లైన్ ధర వేరు). నలుగురూ నాలుగు సార్లు టికెట్ కోసం నిలబడకుండా, మొదటి రోజే మనిషికో స్మార్ట్ కార్డు తీసుకోవడం మేలు. ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. రైలు వెళ్లే దిక్కున మొదటి పెట్టె ఆడవాళ్లది. కుటుంబమంతా కలిసి పొరపాటున అందులో ఎక్కితే మగవాళ్లకు జరిమానా పడుతుంది.

న్యూఢిల్లీ స్టేషన్‌లో దిగేవాళ్లకు ఒక హెచ్చరిక. మెట్రో, విమానాశ్రయం లైన్ రెండూ అజ్మీరీ గేట్ వైపు ఉన్నాయి, పహాడ్‌గంజ్ వైపు కాదు. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు బయటికొస్తే మళ్లీ వంతెన ఎక్కి స్టేషన్ మొత్తం దాటాలి. ఆ వైపే, ‘మీ రైలు రద్దయింది, ఈరోజు కోట బంద్, ప్రభుత్వ టూరిస్టు ఆఫీసుకు తీసుకెళ్తాను’ అంటూ మనుషులు తగులుతారు. వాళ్లు తీసుకెళ్లేది కమిషన్ వచ్చే ప్రైవేటు ఏజెన్సీకి. ఆటోవాళ్లు దారిలో ఆపే ‘ఎంపోరియం’ కూడా అంతే. సామాను మోయలేక ఎవరో ఒకరి మాట వినే బలహీన క్షణం అదే కాబట్టి, మెట్రో స్టేషన్‌లోకి దిగేదాకా ఎవరికీ జవాబు చెప్పవద్దు.

ఇక ఎర్రకోట. అక్కడ జరిగే నష్టం తొందరవల్ల. లాహోరీ గేటు దాటి, ఛత్తా చౌక్ అంగళ్ల మధ్య నుంచి వెళ్లి, దివాన్-ఎ-ఆమ్ ముందు ఫొటో దిగి చాలామంది వెనుదిరుగుతారు. షాజహాన్ 1648లో పూర్తిచేయించిన కోటలో అసలు అందం ఆ వెనక, యమున వైపు వరసగా ఉన్న పాలరాతి మందిరాల్లో ఉంది. ఒకప్పుడు వాటి మధ్య నుంచి కాలువ పారేది. 1857 తర్వాత చివరి మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను విచారించింది అక్కడి దివాన్-ఎ-ఖాస్‌లోనే. ఇంకో వైపు ఆంగ్లేయులు కట్టిన ఇటుక బ్యారక్‌లలో 2019 నుంచి మ్యూజియంలు ఉన్నాయి. అందులో ఒకటి నేతాజీది, ఆజాద్ హింద్ ఫౌజ్‌ది. ఆ సైన్యాధికారుల మీద 1945లో విచారణ మొదలైంది ఈ కోటలోనే. పదో తరగతి పిల్లలకు చరిత్ర పాఠం కళ్లముందు కనిపించే చోటు ఇది. కోటకు రెండున్నర గంటలకు తక్కువ ఇవ్వకండి, తెరిచిన గంటలోపే లోపల ఉండేలా చూసుకోండి.

కోట నుంచి జామా మసీదుకు నమాజు వేళలు తప్పించి వెళ్లాలి. శుక్రవారం మధ్యాహ్నం అసలు ప్రయత్నించవద్దు. చాందినీ చౌక్‌లో కోట నుంచి ఫతేపురి దాకా ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది వరకు మోటారు వాహనాలు రానివ్వరు. నడవలేనివాళ్లకు సైకిల్ రిక్షా ఉంటుంది. రిక్షాకు ఎంతో, మనిషికి ఎంతో ముందే తేల్చుకోండి. దిగాక వచ్చే గొడవలన్నీ ఈ ఒక్క మాట దగ్గరే.

కుతుబ్‌లో 72.5 మీటర్ల మీనార్ పైకి ఎక్కవచ్చనుకుని ఇప్పటికీ కొందరు వస్తారు. 1981లో లోపల మెట్ల మీద తొక్కిసలాటలో పిల్లలు చనిపోయాక ప్రవేశం మానేశారు. ఇనుప స్తంభాన్ని చేతులు వెనక్కి పెట్టి కౌగిలించుకోవడం కూడా పోయింది, చుట్టూ కంచె వేశారు. కానీ ఆ స్తంభాన్ని తీరుబడిగా చూడండి. పదహారు వందల ఏళ్లనాటి ఇనుము తుప్పు తినిపోకపోవడానికి కారణం అందులో భాస్వరం ఎక్కువగా ఉండటం. దానివల్ల పైన ఏర్పడిన పలచని పొర లోపలి లోహాన్ని కాపాడుతోంది. మీనార్‌కు రెట్టింపు ఎత్తు కడతానని అలాఉద్దీన్ ఖిల్జీ మొదలుపెట్టి మొదటి అంతస్తుతో ఆగిపోయిన అలాయ్ మీనార్ కూడా ఆ ప్రాంగణంలోనే ఉంది. చాలామంది దాన్ని రాళ్లకుప్ప అనుకుని దాటిపోతారు.

హుమాయూన్ సమాధి సాయంత్రానిది. పడమటి ఎండలో ఎర్రరాయి రంగు తేలుతుంది, అడుగు కింద నేల కాలదు. టికెట్ దాటగానే కుడివైపున్న ఈసా ఖాన్ సమాధిని వదిలిపెట్టవద్దు, అది హుమాయూన్ సమాధి కన్నా పాతది. జంతర్ మంతర్ మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. నీడను బట్టి కాలం చెప్పే కట్టడాలు కాబట్టి ఎండ బాగా ఉంటేనే అర్థమవుతాయి. మబ్బు పట్టిన రోజున, చీకటిపడే వేళ అక్కడ గోడలే కనిపిస్తాయి.

అక్షరధామ్‌కు సగం రోజు కేటాయించండి. ఫోన్, కెమెరా, స్మార్ట్ వాచ్, బ్యాగు, తినుబండారాలు ఏవీ లోపలికి రానివ్వరు. రద్దీ రోజుల్లో సామాన్ల గది వరసే చాలాసేపు పడుతుంది. అందుకని ఫోన్లు బసలోనే వదిలి రావడం ఉత్తమం. లోపల ఒకరినొకరు తప్పిపోతే పిలుచుకునే వీలుండదు కాబట్టి ఎక్కడ, ఎన్ని గంటలకు కలవాలో గేటు బయటే అనుకోవాలి. పిల్లల జేబులో బస చిరునామా కాగితం పెట్టండి.

ఇండియా గేట్ దగ్గర తెలుగువారు ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. వెనక మండపంలోని 28 అడుగుల నేతాజీ విగ్రహం ఖమ్మం గ్రానైట్. 280 టన్నుల ఏకశిలను ప్రత్యేక ట్రక్కులో అక్కడి నుంచి ఢిల్లీ తెచ్చి చెక్కారు, 2022 సెప్టెంబరులో ఆవిష్కరించారు. మన జాబితాల్లో ఈ మాట ఎందుకు రాదో అర్థం కాదు. అలాగే జాతీయ మ్యూజియంలో నాగార్జునకొండ బౌద్ధ శిల్పాలున్నాయి, ప్రధానమంత్రుల సంగ్రహాలయంలో పీవీ నరసింహారావు గారి భాగం ఉంది. భోజనానికి దూరం పోనక్కర్లేదు. ఇండియా గేట్ దగ్గర అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పు, పచ్చడి, సాంబారుతో మన భోజనం దొరుకుతుంది. ఆదివారం మధ్యాహ్నం వరస పెద్దది, పన్నెండుకల్లా వెళ్లాలి.

పురావస్తు శాఖ కట్టడాలన్నిటికీ టికెట్ ఆన్‌లైన్‌లో ముందురోజు రాత్రే తీసుకోండి. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ పెట్టి ఉంటుంది కానీ, వందలమంది ఒకేసారి చేసే చోట సిగ్నల్ అందదు, డబ్బు పోయి టికెట్ రాకపోవడం జరుగుతుంది. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు, వయసు తెలిపే ఆధార్ ఉంచుకోండి. అమెరికా, బ్రిటన్ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) చూపిస్తే భారతీయుల ధరే పడుతుంది. పాస్‌పోర్టు ఒక్కటే చూపి విదేశీ ధర కట్టేవాళ్లు చాలామంది. రాష్ట్రపతి భవన్‌కు ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోకుండా వెళితే లోపలికి పంపరు. అమృత్ ఉద్యాన్ ఫిబ్రవరి, మార్చిలలో ఉచితం, అక్కడా సోమవారం సెలవు.

కాలం సంగతికొస్తే ఫిబ్రవరి, మార్చి నెలలే అన్నిటికన్నా మంచివి. దీపావళి తర్వాత కొన్ని వారాలు పొగ కమ్మి ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి కాబట్టి తిరుగు రైలుకీ విమానానికీ మధ్య ఒక రోజు ఖాళీ ఉంచుకోవాలి. వేసవి సెలవుల్లోనే రాక తప్పదంటే పొద్దున పదకొండులోపు ఒక కట్టడం, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం అయిదు తర్వాత ఇంకొకటి అని పెట్టుకోండి.

మీ పర్యాటక పేజీ చేసేవారికి నా విన్నపం ఇది. ప్రతి చోటు పేరు పక్కన మూడు మాటలు అచ్చువేయండి: సెలవు రోజు, దిగాల్సిన మెట్రో స్టేషన్, వెళ్లాల్సిన వేళ. జనవరి, ఆగస్టు సంచికల్లో నాలుగోది కూడా కలపండి. స్వాతంత్ర్య దినానికి ముందు కొన్ని రోజులు ఎర్రకోట మూసేస్తారు, గణతంత్ర దినం ముందు రిహార్సళ్లకు కర్తవ్య పథ్ వైపు దారులు మళ్లిస్తారు. ఆ తేదీలు తెలియక టికెట్లు కొనేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటున్నారు.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు,
కరోల్‌బాగ్, న్యూఢిల్లీ