గోడలు లేవకముందే

చిరంజీవి అమ్మాయికి, నాన్న ఆశీస్సులు.

పునాది బేస్‌మెంట్ మట్టానికి వచ్చిందనీ, వచ్చే వారం ఇటుక పని మొదలనీ ఫోన్‌లో చెప్పావు. చాలా సంతోషమమ్మా. కానీ డీపీసీ, అంటే నేల చెమ్మ గోడల్లోకి ఎక్కకుండా ఇటుకల కింద వేసే పొర, దాని ఊసే నీ నోట రాలేదు. అప్పట్నుంచీ మనసు నిలవక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పాత ఇంట్లో నీ మంచం పక్క గోడ గుర్తుందా? రంగు వేయించిన రెండు నెలలకే పొక్కులు లేచేవి. నువ్వు వాటిని వేలితో నొక్కి పగలగొడితే తెల్లటి పొడి రాలేది. అది నేలలోని ఉప్పు. వత్తిలో నూనె పాకినట్టు చెమ్మ ఇటుకల్లోని సన్నటి రంధ్రాల గుండా పైకి పాకుతుంది, ఉప్పును మోసుకొస్తుంది. నీరు ఆరిపోయాక ఆ ఉప్పు గడ్డకట్టి ప్లాస్టరింగ్‌ను లోపల్నుంచి తోసేస్తుంది. నేనేమో పెచ్చులు చెక్కించి, పైన గట్టి సిమెంటు పూయించాను. గోడ ఆరే దారి మూసుకుపోయి, మోకాలి ఎత్తున ఉన్న చెమ్మ నడుము దాకా ఎక్కింది. చివరికి గోడకు అడుగున రంధ్రాలు వేసి మందు ఎక్కించాం, అదీ సగమే పనిచేసింది.

నీకా తిప్పలు వద్దు. ఇటుక పెట్టే ముందు, మధ్య గోడలతో సహా అన్ని గోడల కిందా, గోడ వెడల్పు నిండా 40 మిల్లీమీటర్ల మందాన వాటర్‌ప్రూఫింగ్ మందు కలిపిన కాంక్రీటు పొర వేయించు. పునాది మీద ప్లింత్ బీమ్ (గోడల కింది కాంక్రీటు దూలం) ఉందిగా, ఇదెందుకు అని మేస్త్రీ అనొచ్చు. బీమ్ బరువు మోయడానికి. మామూలు కాంక్రీటూ చెమ్మ పీలుస్తుంది. పొర వేశాక కనీసం 7 రోజులు తడపాలి, తొందరపెడితే ఒప్పుకోకు.

ఆ పొర బయటి నేలకంటే కనీసం 150 మిల్లీమీటర్లు పైన ఉండాలి. ఇప్పటి నేల కాదు, రేపు పెరట్లో మట్టి పోసి టైల్స్ వేశాక ఉండే నేల. పొర దాటి మట్టి పోస్తే చెమ్మ పక్కనుంచి గోడలోకి ఎక్కేస్తుంది, వేసినా వేయనట్టే.

గదుల్లో నేల కాంక్రీటు కింద మందపాటి పాలిథిన్ షీటు పరిపించు, 250 మైక్రాన్లదైతే మంచిది. కంకర గుచ్చుకోకుండా ముందు ఇసుక చల్లాలి. షీటు మీద షీటు జానెడు ఎక్కించి టేపు వేయాలి, అంచులు గోడ కింది పొరతో కలవాలి. పైపుల వాళ్లు దాన్ని చింపి చెప్పకుండా పోతారు. దగ్గరుండి చూసుకో.

ఇంటి చుట్టూ నేల బయటికి వాలుగా ఉండాలి. కప్పు మీది వాన నీళ్ల గొట్టం గోడ మొదట్లో వదలొద్దు. కిటికీ కింద పూలమొక్కలు కావాలన్నావు కదా, గోడకు రెండు మూడు అడుగుల ఎడంగా వేసుకో తల్లీ, రోజూ పోసే నీళ్లు పునాదికి చేరకుండా.

పొర వేసే రోజు ఎప్పుడో చెప్పు, నేనూ వస్తాను. రాలేకపోతే, మొదటి ఇటుక పెట్టక ముందే ఫొటోలు తీసి పంపు. మధ్య గోడలవి కూడా.

మీ నాన్న