కౌన్సెలింగ్ కంటే ముందు కబురు

సంపాదకుడికి,

విపత్తు వచ్చినప్పుడల్లా సహాయ శిబిరాల లెక్కలు పత్రికల్లో చూస్తుంటాం. ఎంతమందిని తరలించారు, ఎన్ని దుప్పట్లు పంచారు. ఈ మధ్య ఆ లెక్కల్లోకి కౌన్సెలింగ్ బృందాలూ చేరాయి. మంచిదే. వాళ్లు అక్కడ ఏం చేస్తున్నారన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు.

ఇల్లు పోయి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి "ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి" అనడమే ఓదార్పని చాలామంది నమ్మకం. ప్రభుత్వ సిబ్బంది ఒకసారి, స్వచ్ఛంద సంస్థవాళ్లు ఒకసారి, టీవీ మైకు ఇంకోసారి. ఒంటిమీద తడి బట్టలు ఆరకముందే అదే కథ మూడుసార్లు చెప్పాలి. ఇలా తవ్వి తవ్వి చెప్పించడం వద్దనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అది మరో రెండు సంస్థలతో కలిసి 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి సారం మూడు మాటలు: చూడండి, వినండి, కలపండి. బాధితులు చెప్పినంతే వినాలి. అయినవాళ్లతోనూ, కావలసిన సాయంతోనూ కలపాలి. దీనికి డాక్టరే కానక్కర్లేదు, కాస్త శిక్షణ ఇస్తే టోకెన్లు రాసే కుర్రాడైనా చేయగలడు.

నన్నడిగితే శిబిరంలో సగం టెన్షన్ కబురు తెలియకే. తప్పిపోయినవాళ్ల వివరాలు ఎవరికివ్వాలి? ఇళ్లకు ఎప్పుడు పంపుతారు? పరిహారానికి అడిగే కాగితం నీళ్లపాలైతే ఎలా? గేటు దగ్గర బోర్డు పెట్టి పొద్దునా సాయంత్రం రాయండి. కొత్త సంగతి లేకపోతే లేదనే రాయండి. చదువు రానివాళ్లకు మైకులో చెప్పండి. నాయకులు వచ్చినప్పుడు మైకులు బాగానే పనిచేస్తున్నాయి కదా!

విపత్తు సహాయానికి అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం శిబిరంలో మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. ఇదీ మనసుకు సంబంధించిన లెక్కే. గడియ పడని, లైటు లేని మరుగుదొడ్డికి భయపడి చీకటిపడ్డాక నీళ్లు తాగడమే మానేసిన ఆడపిల్లకు ఎవరు ఎన్ని ధైర్యవచనాలు చెప్పి ఏం లాభం?

ఎవరికీ పట్టని సంగతి ఇంకొకటుంది. మూర్ఛకో, మానసిక సమస్యకో రోజూ మందులు వాడేవాళ్లు కట్టుబట్టలతో వచ్చేస్తారు. ఆ మందులు ఉన్నట్టుండి ఆగిపోతే ప్రమాదం. నలుగురిలో నోరు విప్పి చెప్పుకోలేరు కూడా. పేర్లు రాసుకునేచోటే, పక్కవాళ్లకు వినపడకుండా ఆ ఒక్క ప్రశ్నా అడగాలి. అలాగని నిద్రపట్టని ప్రతివారికీ నిద్రమాత్రలు పంచిపెట్టకూడదు. చాలామంది తమవాళ్ల మధ్యకు చేరి, పనిలో పడితే వాళ్లంతట వాళ్లే కుదుటపడతారు. వారాలు గడిచినా తేరుకోలేనివాళ్లకు డాక్టరు కావాలి, అప్పటికి శిబిరం ఉండదు. కాబట్టి శిబిరం ఎత్తేసే రోజున, తర్వాత ఎక్కడికి వెళ్లి ఎవరికి చూపించుకోవాలో రాసిన చీటీ ప్రతి కుటుంబానికీ ఇచ్చి పంపాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు