రికవరీలో ఉన్న పిల్లకి నా షుగర్ లెక్కలు పనికిరాలేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఆరోగ్యం పేజీ నేను రోజూ చదువుతా, అందులో షుగర్ గురించి వస్తే రెండుసార్లు చదువుతా, నాకు షుగర్ వచ్చి 12 ఏళ్లయింది మరి. తిన్నాక షుగర్ ఎగిరితే ప్రమాదం, పిండిపదార్థాలు తగ్గించండి, సాయంత్రం దాటాక ఏమీ ముట్టకండి, 16 గంటలు కడుపు ఖాళీగా ఉంచండి, షుగర్ లేనోళ్లు కూడా చేతికి సెన్సర్ అంటించుకుని చూస్కోండి... ఇవన్నీ నాలాంటోడికి పనికొస్తాయేమో. కానీ అదే పేజీ మా ఇంట్లో ఇంకొకళ్లు కూడా చదువుతారండి. మా అమ్మాయి. 19 ఏళ్లు. అనొరెక్సియా నుంచి కోలుకుంటోంది. అంటే డైటింగ్ పిచ్చి అనుకునేరు, కాదు, అదొక జబ్బు, తినాలంటేనే భయపడిపోయే జబ్బు.

నేను చేసిన తప్పు ముందు చెప్తా. డాక్టర్లు ఇచ్చిన ప్లాన్ ప్రకారం తినడం మొదలెట్టి అప్పటికి మూడో వారం. భోజనం చేశాక గుండె దడగా ఉంది నాన్నా అంది. ఇంట్లో షుగర్ గురించి అన్నీ తెలిసినోణ్ణి నేనే కదా, వెంటనే నా మెషీన్ తెచ్చి తన వేలు గుచ్చా. తిన్న గంటకి 168. "అయ్యో, నీకూ వచ్చేసిందమ్మా" అన్నా. అంతే, ఆ ఒక్క మాట. తను ఏమీ అనలేదు గానీ మర్నాటి నుంచి కంచంలో సగం వదిలేస్తోంది, అడిగితే షుగర్ కదా నాన్నా అంటోంది, ఇన్నాళ్లూ తినకపోవడానికి సాకు వెతుక్కునే జబ్బుకి నేనే నా చేత్తో మంచి సాకు ఇచ్చినట్టయింది. ఫోన్లో మా చెల్లెలు, ఒక్కసారిగా అంత తింటే రాదా అన్నయ్యా, పైగా మన వంశం అంది.

మూడో రోజు రాత్రి రెండున్నరకి మా ఆవిడ అరిస్తే లేచా. అమ్మాయి బట్టలు, దుప్పటి చెమటతో తడిసి ముద్ద, చేతులు వణుకుతున్నాయి, ఏదడిగినా పొంతన లేని జవాబు. మెషీన్ పెడితే 52. షుగర్ మందు ఒక్కటి కూడా వాడని పిల్లకి! స్పృహలోనే ఉంది కాబట్టి పంచదార నీళ్లు తాగించాం, కాస్త తేరుకున్నాక తినడానికి ఏదో పెట్టి హాస్పిటల్‌కి పరిగెత్తాం.

అక్కడ డాక్టరమ్మ చెప్పింది నేను ఏ ఆరోగ్యం పేజీలోనూ చదవలేదు, అందుకే రాస్తున్నా. మనం రాత్రంతా ఏమీ తినకపోయినా షుగర్ పడిపోకుండా కాపాడేది లివర్. దాదాపు 100 గ్రాముల దాకా షుగర్ దాచుకుని కొంచెం కొంచెంగా వదులుతుంది. నెలల తరబడి పస్తులున్న ఒంట్లో ఆ నిల్వ ఖాళీ, కండ కూడా కరిగిపోయింది కాబట్టి కొత్తగా తయారు చేసుకుందామన్నా సరుకు లేదు. అలాంటి ఒంట్లోకి మళ్లీ తిండి రావడం మొదలైతే ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌కి అలవాటు తప్పిపోయి ఉంటుంది, ముందు ఇన్సులిన్ ఆలస్యంగా వస్తుంది, షుగర్‌ని తీసుకోడానికి కండ కూడా తక్కువే, అందుకని రీడింగ్ పైకి పోతుంది. తర్వాత ఇన్సులిన్ అవసరానికి మించి వచ్చేసి రెండు మూడు గంటలకి కిందకి లాగేస్తుంది. రాత్రయితే ఇక పట్టుకోడానికి లివర్లో ఏమీ లేదు. నేను చూసిన 168, ఆ రాత్రి 52, రెండూ ఒకే ఆకలి తాలూకు లెక్కలన్నమాట. నేనేమో మొదటిదాన్ని చూసి కంగారుపడి తిండి తగ్గేలా చేసి రెండోదాన్ని తెచ్చిపెట్టా.

ఇదేం కొత్త సంగతి కూడా కాదంట. పస్తులున్న మనిషికి షుగర్ పరీక్ష చేస్తే ఎక్కువ చూపిస్తుందని 19వ శతాబ్దం నుంచే తెలుసు, స్టార్వేషన్ డయాబెటిస్ అని పేరు కూడా ఉంది. అందుకే గ్లూకోజ్ తాగించి చేసే టెస్టుకి ముందు కనీసం మూడు రోజులు రోజుకి 150 గ్రాములకి తగ్గకుండా పిండిపదార్థాలు తిని రమ్మంటారు, ఎంతమంది ల్యాబుల్లో ఆ మాట చెప్తారో మీరే చూడండి. మూడు నెలల యావరేజ్ టెస్ట్ చేయిస్తే పోలా అన్నా నేను. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే అదీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చంట, ఇలాంటి పిల్లల్లో రక్తహీనత మామూలే. ఇక ఇంట్లో మెషీన్ సంగతి, 100 పైన రీడింగ్ అయితే 15 శాతం అటూ ఇటూ ఉన్నా రూల్ ప్రకారం అది కరెక్ట్ మెషీనే. 168 అంటే 145 కావచ్చు, 190 కూడా కావచ్చు. 12 ఏళ్లుగా వాడుతూ ఇది నాకే తెలీదు.

భయం వేసిందేంటంటే చాలాకాలం తినకుండా ఉన్నోళ్లకి షుగర్ పడిపోయినా ఒక్కోసారి వణుకు, చెమట ఏమీ రాకపోవచ్చంట, ఒళ్లు హెచ్చరించడం మానేస్తుంది. మాకు చెమటలు పట్టడం అదృష్టమే అనుకోవాలి. ఇంకోటి, నీరసంగా ఉంటే ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించేస్తే పోలా అంటారు కదా మనోళ్లు, నేనూ అదే అడిగా. ఇలాంటి ఒంట్లోకి ఒక్కసారిగా గ్లూకోజ్ పోతే ఇన్సులిన్ ఎగిసి రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి లాగేసుకుంటుంది, బీ1 విటమిన్ అయిపోతుంది, గుండె లయ తప్పొచ్చు, ప్రాణానికే ముప్పు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆకలితో మాడి బయటపడ్డ ఖైదీల్లో చూశారు. అందుకే మొదటి ఒకటి రెండు వారాలు రక్తపరీక్షలు చేస్తూ డాక్టర్ల కళ్ల ముందే తిండి పెంచాలి, ఇంట్లో సొంత వైద్యం కుదరదు.

మా చెల్లెలి ప్రశ్నకి కూడా అక్కడే జవాబు దొరికింది. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న 36 మంది కుర్రాళ్లకి ఆర్నెల్లు దాదాపు సగం తిండే పెట్టి చూశారంట. తర్వాత మళ్లీ కావల్సినంత పెట్టినా చాలామందికి నెలల తరబడి ఆకలి తీరలేదు. కోలుకునే ఒళ్లు అలాగే అడుగుతుంది, దాన్ని తీపి పిచ్చి అనో కక్కుర్తి అనో అంటే ఆ పిల్లలు ఏమైపోవాలి. తిని వాంతి చేసుకునే బులీమియా వాళ్లదీ ఇలాంటి బాధే, తిండి బయటికి పోతుంది గానీ అప్పటికే వచ్చిన ఇన్సులిన్ ఎక్కడికి పోతుంది, షుగర్ పడుతుంది, మళ్లీ విపరీతమైన ఆకలి. చూసేవాళ్లు మాత్రం మనసు గట్టిగా లేదంటారు.

మాకు చెప్పిన వైద్యం మీ పేజీలో వచ్చేదానికి అచ్చంగా రివర్స్. మూడు నాలుగు గంటలకి మించి గ్యాప్ ఇవ్వొద్దు, పడుకునే ముందు తప్పకుండా తినాలి, తీపి ఒక్కటే కాకుండా ప్రోటీన్, కొవ్వు కలిసి ఉండాలి, పిండిపదార్థాలు మాత్రం తగ్గించొద్దు. లివర్ నిండేకొద్దీ, బరువు వచ్చేకొద్దీ ఈ ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయన్నారు. మా విషయంలో దాదాపు రెండు నెలలకి సర్దుకున్నాయి.

అలాగని అసలు పట్టించుకోవద్దని కాదు. ఈ పిల్లలకి నిజంగా షుగర్ జబ్బు ఉండొచ్చు, వాడే కొన్ని మానసిక మందుల వల్ల కూడా పెరగొచ్చు, టైప్ 1, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారవని షుగర్ ఉన్న కొందరు బరువు తగ్గాలని ఇన్సులిన్ మానేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. అది తేల్చాల్సింది వాళ్ల చరిత్ర తెలిసిన డాక్టర్, నాలాంటి తండ్రి కాదు.

ఇంతకీ నా కంప్లయింట్ ఏంటంటే, పోయిన నెల మీ ప్రశ్నలు జవాబుల శీర్షికలో ఒక అమ్మాయి, తిన్న రెండు గంటలకి కళ్లు తిరుగుతున్నాయి, చెమటలు పడుతున్నాయి అని రాస్తే పిండిపదార్థాలు బాగా తగ్గించమని జవాబు వేశారు. బరువు తగ్గావా అమ్మా, నెలసరి వస్తోందా, భోజనాలు మానేస్తున్నావా అని ఒక్క ముక్క అడగలేదు. ఆ మూడు ప్రశ్నలు ఆ శీర్షికలో ఎప్పుడూ ఉండేలా చూడండి. ఉపవాసం, కార్బ్ తగ్గించడం గురించి రాసిన ప్రతిసారీ, ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లు, కోలుకుంటున్నవాళ్లు ఇది పాటించొద్దు అని ఒక్క లైన్ వెయ్యండి, మీకు అరంగుళం జాగా పడుతుంది.

నా మెషీన్ ఇప్పుడు హాల్లో టేబుల్ మీద ఉండట్లేదు, బీరువాలో పెట్టా. నా వేలు నేను గది తలుపేసుకుని గుచ్చుకుంటున్నా, నంబర్ ఎంతొచ్చినా బయటికి చదవట్లేదు.

అమ్మాయి విషయం కాబట్టి పేరు, ఊరు వెయ్యొద్దు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక తండ్రి