నీళ్ళు చాలని ఏడాది ఎవరి పొలం ఎండాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం. సెలవులు దగ్గరపడే కొద్దీ పత్రికల ఆదివారం సంచికల్లో విదేశీ యాత్రల కథనాలు ఎక్కువవుతుంటాయి. ఏ హోటల్లో దిగాలి, ఏ బజారులో ఏది చవక, మనిషికి ఎంత ఖర్చవుతుంది అన్న సమాచారం వాటిలో పుష్కలంగా ఉంటుంది గానీ, ఆ దేశంలో మనలాంటి పల్లె మనుషులు ఏం పండించుకుంటున్నారో, నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారో చెప్పే కథనం అరుదు. గత దసరా సెలవుల్లో మా కుటుంబం శ్రీలంక వెళ్ళి వచ్చింది. నీళ్ళు తక్కువైన ఏడాది చెరువు కింది రైతులంతా కూర్చుని ఉన్న నీళ్ళను పంచుకునే పద్ధతి ఒకటి అక్కడ చూశాము. అది ప్రకాశం, నెల్లూరు జిల్లాల రైతులకూ, జలవనరుల శాఖ అధికారులకూ పనికివస్తుందన్న నమ్మకంతో ఈ లేఖ రాస్తున్నాను.

మా స్వగ్రామం కంభం చెరువు ఆయకట్టులోది. ఉపాధ్యాయ ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరువాత ఒంగోలులో స్థిరపడ్డాను. పిల్లలు విదేశయాత్ర అన్నప్పుడు మొదట వినిపించిన పేర్లు దుబాయ్, బ్యాంకాక్. శ్రీలంక అని పట్టుబట్టింది నేనే. చెన్నై నుంచి కొలంబోకు విమానంలో సుమారు గంటన్నర ప్రయాణం. ఒంగోలు నుంచి చెన్నైకి రైల్లో అంతకంటే ఎక్కువసేపు కూర్చుంటాము. మనవలకు ఏనుగుల ఆశ చూపించాను, నా భార్యకు అనురాధపురంలోని బోధివృక్షాన్ని చూపిస్తానన్నాను, నాకు కావలసినవి మాత్రం పాఠాలు చెప్పే రోజుల నుంచీ చదువుతూ వచ్చిన అక్కడి చెరువులు. మా కోడలిది సూళ్ళూరుపేట కావడంతో ఆమెకు తమిళం బాగా వచ్చు. మాకు కారు నడిపిన ఆయనది కొండ ప్రాంతపు తేయాకు తోటల తమిళ కుటుంబం. ఆ ఇద్దరి మధ్య సాగిన మాటల వల్లనే మాకు ఆ దేశం కొంతైనా అర్థమైంది.

శ్రీలంక ఉత్తర, తూర్పు మైదానాలు మన వైపు నేలల్ని గుర్తుకు తెస్తాయి. మన తీర జిల్లాల్లాగే అక్కడ కూడా పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి పడతాయి, ఆ తరువాత నెలల తరబడి ఎండ కాస్తుంది. మన జిల్లాకంటే వాన ఎక్కువే అయినా, చెరువు లేకపోతే అక్కడ రెండో పంట మాట దేవుడెరుగు, మొదటి పంటకే భరోసా ఉండదు. అందుకే రెండు వేల ఏళ్ళకు పైగా ఆ నేల మీద రాజులూ, ఊళ్ళూ చెరువులు కడుతూనే వచ్చారు. వాన నీటి చుక్క ఒక్కటి కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవరాదని 12వ శతాబ్దంలో పొలొన్నరువను పాలించిన పరాక్రమబాహు ఆదేశించాడని అక్కడి ప్రతి బడిపిల్లవాడూ చెబుతాడు. ఆయన విస్తరింపజేసిన మహా జలాశయాన్ని పరాక్రమ సముద్రం అనే పిలుస్తారు.

సిగిరియా బండను ఎక్కని యాత్రికుడు ఉండడు. చుట్టూ ఉన్న మైదానం మీద 180 మీటర్ల ఎత్తున నిలువుగా లేచిన ఆ బండ మీద 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కోట కట్టుకున్నాడు. మా కుటుంబమంతా ఎక్కింది. మోకాళ్ళ నొప్పులని బయలుదేరే ముందు భయపడిన నా భార్య నాకంటే ముందే పైకి చేరింది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ కోట కాదు, దాని వెనకున్న కథ. కాశ్యపుడి తండ్రి ధాతుసేనుడు కలావెవ అనే పెద్ద చెరువును కట్టించిన రాజు. కొడుకు తండ్రిని బంధించి, దాచిన సొత్తు ఎక్కడుందో చూపమన్నాడట. ముసలిరాజు తనను కలావెవకు తీసుకుపొమ్మని అడిగి, ఆ నీళ్ళలో స్నానం చేసి, దోసెడు నీళ్ళు చేతిలోకి తీసుకుని తన సొత్తంతా ఇదేనని చూపించాడనీ, ఆ తరువాత కొడుకు ఆయనను ప్రాణంతో ఉండగానే గోడలో పెట్టి మూయించాడనీ సింహళ చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. మరునాడు పిల్లలు గునుస్తున్నా వినకుండా కలావెవ కట్ట మీదికి కారు మళ్ళించాను. సిగిరియా మెట్ల మీద అడుగు పెట్టే చోటు లేనంత జనం ఉన్నారు గానీ, ఆ కట్ట మీద మేమూ, కొన్ని గేదెలూ తప్ప మరెవరూ లేరు.

కలావెవ నుంచి అనురాధపురానికి నీళ్ళు తీసుకుపోయే యోధ ఎల అనే కాలువ పొడవు 87 కిలోమీటర్లు. మొదటి 27 కిలోమీటర్లలో దాని వాలు కిలోమీటరుకు సుమారు 10 సెంటీమీటర్లు. ఆధునిక కొలత పరికరాలేవీ లేని కాలంలో అంత సన్నని వాలు ఎలా పట్టారో ఊహించడం కష్టం. చెరువు నీటి ఒత్తిడి తూమును పగలగొట్టకుండా కట్టలోనే రాతితో చతురస్రాకారపు బావిలాంటిది కట్టి, నీటి వేగాన్ని అక్కడ అణిచి వదిలే ఏర్పాటును వాళ్ళు బిసోకొటువ అంటారు. 19వ శతాబ్దంలో అక్కడ పనిచేసిన హెన్రీ పార్కర్ అనే బ్రిటిష్ ఇంజనీరు దానిని చూసి ఆశ్చర్యపోయి వివరంగా రాశాడు. చిన్న ఊరి చెరువుల్లోనూ ఒక క్రమం ఉంటుంది: పైన చెట్ల వరస, ఒండ్రును ఆపే గడ్డినేల, కట్ట దిగువన ఉప్పును పీల్చుకునే పొదలు, ఒక చెరువు మిగులు నీళ్ళు కింది చెరువుకు చేరే వరస. గొలుసుకట్టు చెరువులు మనకు కొత్త కావు గనుక దీని గురించి ఎక్కువ రాయను. ఈ చెరువు, ఊరు కలిసిన వ్యవస్థను ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2017లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

పిల్లలకు ఇచ్చిన ఏనుగుల మాట మిన్నేరియా చెరువు దగ్గర తీరింది. ఎండాకాలంలో ఆ చెరువు నీళ్ళు వెనక్కి తగ్గగా, తడి నేల మీద మొలిచిన పచ్చగడ్డి కోసం అడవి ఏనుగులు గుంపులు గుంపులుగా దిగి వస్తాయి. ఆ చెరువు కట్టించిన మహాసేనుడనే రాజును ఆ చుట్టుపక్కల వాళ్ళు ఇప్పటికీ దేవుడిగా కొలుస్తారు.

ఇక నేను చెప్పదలచిన అసలు విషయం. అనురాధపురం సమీపంలో మేము బస చేసింది ఒక రైతు ఇంట్లో. ముందు గదులు యాత్రికులకు ఇచ్చి, వెనక భాగంలో వాళ్ళు ఉంటారు. పొద్దున్నే ఆ ఇల్లాలు పెట్టిన ఇడియాప్పం, కొబ్బరి సంబల్ తింటుండగా, ఆ రైతు తెల్ల చొక్కా వేసుకుని బయలుదేరుతూ, ఊరి విహారం పక్కనున్న సావిడిలో కన్న సమావేశం ఉందని చెప్పాడు. కన్న అంటే పంట కాలం. పంట మొదలయ్యే ముందు చెరువు కింది రైతులూ, సంబంధిత అధికారులూ కలిసి కూర్చునే సభ అది. అడిగితే నన్నూ, కోడలినీ వెంట తీసుకుపోయాడు. చెరువులో ఎన్ని నీళ్ళున్నాయో మొదట చదివారు. ఎన్ని ఎకరాలకు నీళ్ళిస్తారు, తూము ఏ తేదీన ఎత్తుతారు, ఏ తేదీ తరువాత నాటకూడదు, ఎన్ని నెలల వరి వేయాలి, కాలువల పూడిక ఎవరి వంతు ఎంత, కంచెలు ఎప్పటికి పూర్తిచేయాలి, పశువులను ఎప్పటి నుంచి కట్టేయాలి అన్నవి ఒక్కొక్కటిగా అందరి ముందూ తేల్చారు. ఆడవాళ్ళు కూడా లేచి మాట్లాడారు. ఒక ముసలాయన తేదీ మార్చమని గట్టిగానే వాదించాడు, మార్చారు కూడా. అక్కడ తీసుకున్న నిర్ణయానికి చట్టబలం ఉంటుంది; మీరిన వారికి జరిమానా వేయవచ్చు.

నేను ఆ రైతును అడిగింది ఒకే ప్రశ్న: నీళ్ళు చాలని ఏడు ఏం చేస్తారు? ఆయన చెప్పిన జవాబు బెత్మ. చెరువులో సగం ఆయకట్టుకే నీళ్ళున్నాయని తేలితే, కట్టకు దగ్గరగా, తూము కింద ఉన్న మడులను మాత్రమే ఆ పంటకు సాగు చేస్తారు. అయితే ఆ మడులను వాటి యజమానులే దున్నుకోరు. చివరి ఆయకట్టులో భూమి ఉన్నవారితో సహా అందరికీ, ఎవరి భూమి ఎంతో దాని ప్రకారం, ఆ మడుల్లో తాత్కాలికంగా వాటా పంచుతారు. ఆ ఒక్క పంట వరకు దగ్గరి మడుల్లో దూరపు రైతు కూడా విత్తుతాడు, తన వాటా గింజలు తాను కోసుకుంటాడు. పంట అయిపోగానే ఎవరి మడులు వారికి తిరిగి వస్తాయి. గడిచిన ఎండాకాలపు పంటకు తమ ఊళ్ళో అలాగే చేశామని ఆయన మామూలుగా చెప్పాడు. పొడవైన కాలువల్లో ఇంకిపోయే నీళ్ళు మిగులుతాయి కనుక మొత్తం మీద పండేదీ ఎక్కువేనట. బావులు, మోటార్లు వేసుకున్న వాళ్ళకు ఈ మధ్య బెత్మ మీద ఆసక్తి తగ్గుతోందని కూడా దాచకుండా చెప్పాడు.

ఆ దేశాన్ని స్వర్గంగా చూపించడం నా ఉద్దేశం కాదు. 2021లో రసాయన ఎరువులను ఉన్నట్టుండి నిషేధించి వరి రైతును దెబ్బతీసిందీ, 2022లో పెట్రోలు కోసం జనాన్ని రోజుల తరబడి వరసల్లో నిలబెట్టిందీ ఆ దేశపు పాలకులే. ఆ చెరువుల కింది పల్లెల్లోనే అంతుబట్టని మూత్రపిండాల వ్యాధి వేలమంది రైతులను పీడిస్తోంది. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్ళ బాధ తెలిసిన మనకు అది వేరే చెప్పనక్కరలేదు.

ఇక మన సంగతి. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు కట్ట ఎత్తు 57 అడుగులు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ ఐసీఐడీ దానికి వారసత్వ కట్టడంగా గుర్తింపు ఇచ్చింది. అదే గుండ్లకమ్మ మీద దిగువన మల్లవరం దగ్గర కట్టిన జలాశయం గేటు 2022లో ఒకటి, 2023లో మరొకటి కొట్టుకుపోయి నీళ్ళు సముద్రం పాలయ్యాయి. పరాక్రమబాహు మాట విన్న రోజున నాకు మొదట గుర్తొచ్చింది ఆ గేట్లే. గేట్లు బిగించడం, వెలిగొండ ప్రాజెక్టు పూర్తిచేయడం ప్రభుత్వాలు చేయవలసిన పనులు, వాటి గురించి మీ పత్రిక రాస్తూనే ఉంది. ఉన్న నీళ్ళను పంచుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఆ పంపకం ఇప్పుడు ఎలా జరుగుతోందో ఆయకట్టు రైతులందరికీ తెలుసు. జిల్లా కేంద్రంలో నీటిపారుదల సలహా మండలి, అంటే మనం ఐఏబీ అని పిలుచుకునే సమావేశం జరుగుతుంది. సోమశిల కింద ఇన్ని లక్షల ఎకరాలకు, సాగర్ కాలువల కింద ఇన్ని తడులకు అని ప్రకటన వస్తుంది. ఆ సంఖ్య ఊరి తూము దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో ఎవరూ కూర్చుని తేల్చరు. పై ఆయకట్టు వాళ్ళు ముందు నాటేస్తారు, కాలువ మీద మోటార్లు పెడతారు, చివరి వాళ్ళు రాత్రుళ్ళు మడవల దగ్గర కాపలా కాసి, చివరికి ఎండిన నారు చూసుకుంటారు. మా పొలం చివరి భాగంలోనే ఉంది కనుక పక్షపాతంతో రాస్తున్నానని ఎవరైనా అంటే కాదనను. అయితే 1997లో మన రాష్ట్రం చేసిన రైతుల నీటిపారుదల వ్యవస్థల నిర్వహణ చట్టం ప్రకారమే ప్రతి నీటి వినియోగదారుల సంఘం పంటకాలానికి ముందు వంతుల పట్టిక తయారుచేసి అమలుచేయాలి. అంటే చట్టం కొత్తగా కావలసిన పని లేదు. తక్కువ నీళ్ళను భూమి కొద్దీ దామాషాగా పంచుకునే ఆచారం సీమ చెరువుల కింద ఒకప్పుడు ఉండేదే.

బెత్మను ఉన్నదున్నట్టుగా ఇక్కడికి తెచ్చి పెట్టవచ్చని నేను అనుకోవడం లేదు. మన దగ్గర పొలం సొంతదారు ఒకరు, దున్నే కౌలు రైతు మరొకరు. తూము పక్కన పొలం ఉన్నవాడు కరువు ఏడు దానిని ఇతరులతో పంచుకోవడానికి సులభంగా ఒప్పుకోడు. మడులు మారడం కుదరకపోతే కనీసం ఎకరాల పరిమితి అయినా అందరికీ ఒకే నిష్పత్తిలో ఉండాలి: నాలుగెకరాలు ఉన్న పై రైతు రెండెకరాలే నాటితే, నాలుగెకరాలు ఉన్న చివరి రైతుకు కూడా రెండెకరాలకు నీళ్ళు అందుతాయి. దీనికి అందరూ ఒకచోట కూర్చోవడం తప్పనిసరి.

కనుక జలవనరుల శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. వచ్చే పంటకాలానికి ముందు, నారుమళ్ళు పోయకముందే, కంభం చెరువు కింద ఒక బహిరంగ ఆయకట్టు సమావేశం పెట్టండి. అది కార్యాలయంలో కాకుండా కట్ట మీద, చివరి తూము రైతు నడిచి రాగలిగిన చోట జరగాలి. చెరువులో ఉన్న నీళ్ళ లెక్క ముందు చదవాలి. మాట్లాడే అవకాశం మొదట చివరి ఆయకట్టు వారికి, కౌలు రైతులకు ఇవ్వాలి. తేలిన ఎకరాలు, తూము ఎత్తే తేదీ, దించే తేదీ బోర్డు మీద రాసి తూము దగ్గర నిలబెట్టాలి. అది ఒక ఏడు నడిస్తే, తరువాత నెల్లూరు వైపు చెరువులకు విస్తరించడం గురించి ఆలోచించవచ్చు. సమావేశం తేదీ ముందుగా మీ పత్రికలో ప్రకటిస్తే, ఒంగోలు నుంచి వచ్చే వారిలో నేనూ ఉంటాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా