కోమాలో ఉన్నవారి ఖాతాకు దిక్కెవరు?

సంపాదకుడు గారికి,

మనిషి పోతే బ్యాంకు సొమ్ము నామినీకి వస్తుంది. బతికి ఉండి స్పృహ లేకుండా పడి ఉంటే మాత్రం ఆయన వైద్యానికి ఆయన డబ్బే అందదు. రిటైరైన వాళ్లు ఇంతమంది ఉన్న విశాఖలో ఈ సంగతి ఆస్పత్రి బిల్లు చేతికొచ్చే దాకా ఎవరికీ తెలియడం లేదు.

మా బావగారికి మెదడులో రక్తస్రావమై ఐసీయూలో ఉన్నారు. డిపాజిట్లన్నీ ఆయనొక్కరి పేరునే. అక్క బ్యాంకుకు వెళ్తే "సార్ సంతకం కావాలమ్మా" అన్నారు. గాజువాక ఫ్లాటు వ్యవహారం కోసం ఎప్పుడో ఆమె పేర రాయించిన జీపీఏ (తన తరఫున వ్యవహరించే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఉంటే తీసి ఇచ్చింది. ఆఫీసరు స్టాంపు కాగితాలన్నీ తిరగేసి, "సార్ స్పృహలో ఉన్నారా?" అని అడిగాడు. లేరనగానే కాగితాలు వెనక్కి జరిపాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. జీపీఏ ఇచ్చినవారికి మతి తప్పితే అది అక్కడితో రద్దయినట్టేనని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ చెబుతోంది. అవసరం పడిన రోజునే చెల్లని కాగితానికి ఇన్నేళ్లుగా స్టాంపు డ్యూటీ కడుతున్నామన్నమాట! ఇంగ్లండులో మతి తప్పాక కూడా చెల్లే పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. మనకు లేదు.

మరి గార్డియన్‌గా నియమించమని ఎవరినడగాలి? 1890 నాటి గార్డియన్ చట్టం మైనర్లకే. కలెక్టర్ కమిటీ ద్వారా గార్డియన్‌ను నియమించే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం వంటి వైకల్యాల వరకే. మానసిక రోగుల ఆస్తికి జిల్లా కోర్టు మేనేజరును పెట్టే వీలు 1987 చట్టంలో ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం ఆ అధ్యాయాన్నే వదిలేసింది. ఇక మిగిలింది హైకోర్టులో రిట్ పిటిషన్. ఐసీయూ బయట కూర్చున్న ఆడమనిషి ఎవరికి అప్పగించి అమరావతి వెళ్తుంది? వకీలు ఫీజు ఎక్కడ తెస్తుంది?

దారి ఇస్తే పిల్లలు ఆస్తి కాజేస్తారన్న భయం నిజమే, అలాంటివి చూస్తూనే ఉన్నాం. దానికీ మందుంది. కేరళ హైకోర్టు 2019లో మార్గదర్శకాలిచ్చింది: న్యూరాలజిస్టు ఉన్న మెడికల్ బోర్డు పరీక్షించాలి, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి ఇంటికొచ్చి విచారించాలి, గార్డియన్ ఆరు నెలలకోసారి లెక్క చెప్పాలి. ఇదే పద్ధతిని చట్టంగా చేసి జిల్లా కోర్టుకు అప్పగిస్తే చాలు. బోర్డుకు ఇక్కడి ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ డాక్టర్లు ఉండనే ఉన్నారు. మన ఎంపీలు పార్లమెంటులో ఈ మాట ఎత్తాలి.

అందాకా పెన్షన్, సేవింగ్స్ ఖాతాలైనా భార్యాభర్తలిద్దరి పేర, ఎవరో ఒకరి సంతకంతో నడిచేలా మార్చుకోండి. జాయింటు డిపాజిట్ అయినా గడువు తీరకముందే తీయాలంటే బ్యాంకులు ఇద్దరి సంతకాలూ అడుగుతాయి. కాబట్టి సొమ్మంతా దీర్ఘకాలం డిపాజిట్లలోనే ఇరికించకండి.

ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం